స్టీరియో యాంప్లిఫయర్: పనితీరు, రిపేర్లు, తరచుగా అడిగే ప్రశ్నలు

పాత యాంప్‌ని సొంతంగా బాగుచేసుకోవాలనుకునేవాళ్లకీ, బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్ విడివిడిగా కొని ఇంట్లో అసెంబుల్ చేసుకునేవాళ్లకీ ఈ పేజీ. ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక సిరీస్ ల్యాంపు (యాంప్‌కి వెళ్లే కరెంటు దారిలో పెట్టే బల్బు) ఉంటే చాలు. ఆసిల్లోస్కోప్ ఉంటే మంచిదే కానీ, ఇక్కడ చెప్పే ఏ పనికీ అది తప్పనిసరి కాదు.

యాంప్లిఫయర్ లోపల అసలు జరిగేదేంటి?

ఫోన్ నుంచి వచ్చిన సిగ్నలే పెద్దదై స్పీకర్‌లోకి పోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఫోన్ ఇచ్చిన కరెంటు ఇన్‌పుట్ దగ్గరే ఆగిపోతుంది. స్పీకర్ కోన్‌ని ముందుకీ వెనక్కీ తోసేదంతా పవర్ సప్లై నుంచి వచ్చే కరెంటే. చెరువు, తూము అనుకోండి. ఫిల్టర్ కెపాసిటర్లు చెరువు, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు తూము తలుపు. ఆ తలుపుని ఎత్తుతూ దించుతూ ఉండే చెయ్యి, పాట.

ఇది పట్టుబడితే సగం రిపేర్లు వాటంతటవే అర్థమవుతాయి. సప్లైలో మురికి ఉంటే అది హమ్‌గా, అంటే ఎడతెగని మోతగా వినిపిస్తుంది. తలుపు తెరుచుకున్నచోటే బిగుసుకుపోతే సప్లై మొత్తం డీసీగా స్పీకర్ మీద పడి కాయిల్ మాడిపోతుంది. చెరువు చిన్నదైతే బేస్ వచ్చినప్పుడల్లా శబ్దం కుంగిపోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ మీద 24-0-24 అని ఉంది, మీటరేమో 33 వోల్టులు చూపిస్తోంది. తప్పా?

తప్పు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసేది ఏసీ విలువ. డయోడ్లు దాటి కెపాసిటర్లో చేరేది దాని శిఖరం, అంటే 1.414 రెట్లు. 24 ఏసీకి 33.9 వస్తుంది, డయోడ్‌లో 0.7 పోగా 33 చిల్లర. లోడ్ లేనప్పుడు ఇంకా రెండు మూడు వోల్టులు ఎక్కువే చూపిస్తుంది. కెపాసిటర్ మీద 35 వోల్టులు అని ఉంటే ఇక్కడ వాడకండి, 50 వోల్టులదే పెట్టండి.

4440 ఐసీ ఉన్న బోర్డు వాడేవాళ్లు ఈ లెక్క వేసుకోక ఐసీలు పోగొట్టుకుంటారు. ఆ ఐసీని తయారుచేసింది కారు బ్యాటరీ కోసం, 13.2 వోల్టులకి. పాడుతున్నప్పుడు సప్లై 18 వోల్టులు దాటకూడదు. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌కి రెండు డయోడ్లు పెడితే 16 పైన వస్తుంది, మన వీధిలో కరెంటు 230 బదులు 250 ఉన్న రోజున 18కి ఆనుకుంటుంది. 9-0-9 పెట్టుకుంటే శబ్దం కాస్త తగ్గుతుంది కానీ ఐసీ బతుకుతుంది.

ఒక పక్క స్పీకర్ మోగడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మూత తీయకుండానే మొదలుపెట్టొచ్చు. యాంప్ వెనక ఎర్ర, తెల్ల ఇన్‌పుట్ పిన్నుల్ని తారుమారు చేయండి. మూగపోయిన పక్క మారిందంటే తప్పు యాంప్‌ది కాదు, కేబుల్‌దో ఫోన్‌దో. మారలేదంటే యాంపో, స్పీకరో.

తర్వాతి మెట్టు స్పీకర్లని తారుమారు చేయడం. కానీ దానికి ముందు కింద చెప్పినట్టు డీసీ కొలవండి. మూగపోయిన చానల్లో డీసీ ఉంటే, బాగున్న బాక్సుని తెచ్చి దానికి తగిలించగానే అది కూడా పోతుంది. డీసీ లేదని తేలాక యాంప్ ఆఫ్ చేసి వైర్లు మార్చండి. అదే బాక్సు మళ్లీ మూగగా ఉంటే కాయిలో, వైరో తెగింది. ఇంతసేపూ బాగా పాడిన బాక్సు మూగపోతే యాంప్‌లో ఆ చానల్ పోయింది.

మూత తీశాక ఇంకో సౌకర్యం ఉంది. స్టీరియో యాంప్ అంటే ఒకే సర్క్యూట్ రెండుసార్లు. డయాగ్రమ్ దొరకలేదని దిగులు పడక్కర్లేదు, బాగా పనిచేస్తున్న చానలే మీ డయాగ్రమ్. ఐసీ కాళ్ల దగ్గర, ట్రాన్సిస్టర్ల దగ్గర వోల్టేజీ ముందు బాగున్న పక్క కొలిచి కాగితం మీద రాసుకోండి. తర్వాత పోయిన పక్క అవే చోట్ల కొలవండి. ఎక్కడ అంకె మారిందో అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాలి. మెకానిక్ దగ్గర ఉన్న సమాచారం ఏదీ మీకు తక్కువ కాలేదు.

అవుట్‌పుట్‌లో డీసీ ఎలా కొలవాలి? ఎంత ఉండొచ్చు?

స్పీకర్లు తీసేయండి, వాల్యూమ్ సున్నాలో పెట్టండి. మీటరుని ముందు 200 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి, స్పీకర్ టెర్మినళ్లు రెండిటి మీదా ప్రోబులు ఆనించండి. పెద్ద అంకె ఏదీ రాకపోతే రేంజి 2 వోల్టులకి, ఆ తర్వాత మిల్లీవోల్టులకి దించండి.

50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. 100 దాటితే ఎక్కడో అసమతుల్యం ఉంది, చూసుకోవాలి. 30 వోల్టులు ప్లస్సో మైనస్సో నిటారుగా చూపిస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయినట్టే, స్పీకర్ తగిలించొద్దు. 33 వోల్టుల డీసీ 8 ఓమ్స్ కాయిల్లోకి పోతే 130 వాట్లకు పైగా వేడి. కోన్ కదలకుండా బిగుసుకుపోయి, కొద్ది సెకన్లలో కాలిన వార్నిష్ వాసన వస్తుంది.

మీటరు నల్ల ప్రోబుని బాడీకి కాకుండా రెండో స్పీకర్ టెర్మినల్‌కే పెట్టమనడానికి కారణం ఉంది. చిన్న క్లాస్ డి (ట్రాన్సిస్టర్లని స్విచ్చుల్లా తెరిచి మూసే రకం) బోర్డుల్లో రెండు టెర్మినళ్లూ గ్రౌండ్‌కి సగం సప్లై ఎత్తులో ఉంటాయి. బాడీ నుంచి కొలిస్తే లేని తప్పు కనబడి కంగారు పడతారు.

చిన్నగా పెడితే ఒక చానల్ రాదు, వాల్యూమ్ గట్టిగా తిప్పితే టక్కున వచ్చేస్తుంది. ఎందుకని?

స్పీకర్ ప్రొటెక్షన్ రిలే, అంటే స్పీకర్‌ని యాంప్‌కి కలిపే, తెంచే స్విచ్చు. ఆన్ చేసిన మూడు నాలుగు సెకన్లకి "టిక్" అని వినిపించేది అదే. లోపలి కాంటాక్టుల మీద ఏళ్ల తరబడి నల్లటి పొర పడుతుంది. చిన్న సిగ్నల్ ఆ పొరని దాటలేదు. వాల్యూమ్ పెంచితే ఎక్కువ వోల్టేజీకి పొర చీలి పాట వస్తుంది, ఇక ఆపేదాకా బాగానే ఉంటుంది. మర్నాడు మళ్లీ అదే కథ.

ఈ లక్షణం చూసి ఐసీ మార్చేవాళ్లు చాలామంది. ఐసీ పాడైతే వాల్యూమ్ పెంచినప్పుడు ఇంకా పాడుగా పాడుతుంది తప్ప బాగుపడదు. రిలే మూత పారదర్శకంగా ఉంటే కాంటాక్టుల రంగు కళ్లతోనే కనిపిస్తుంది. గరుకు కాగితంతో రుద్దొద్దు, పైపూత పోయి నెలల్లో మళ్లీ మొదలవుతుంది. అదే కాయిల్ వోల్టేజీ, అవే కాళ్ల అమరిక ఉన్న కొత్త రిలే వేసేయడం మేలు.

అసలు "టిక్" అనే శబ్దమే రాకపోతే, రిలే తన పని తాను చేస్తోందని ముందుగా అనుకోండి. అవుట్‌పుట్‌లో డీసీ ఉందని చూసి అది కలవడం లేదు. రిలేని వైరుతో షార్ట్ చేసి పాట విందామనుకోవడం కంటే చెడ్డ ఆలోచన ఈ పనిలో ఇంకోటి లేదు.

హమ్ వస్తోంది. ఎలా పట్టుకోవాలి?

ఎక్కువమంది అడిగేది ఇదే. ముందు చెవితో వినండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా హమ్ అంతే ఉంటే, తప్పు వాల్యూమ్ కంట్రోల్ తర్వాత ఉంది, చాలాసార్లు పవర్ సప్లైలో. వాల్యూమ్‌తో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటే కంట్రోల్‌కి ముందే, అంటే ఇన్‌పుట్ వైర్లలో, గ్రౌండులో, లేదా అవతలి పరికరంలో ఉంది.

సప్లై హమ్ లెక్క చూద్దాం. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, నాలుగు డయోడ్ల బ్రిడ్జి దాటాక 100 హెర్ట్జ్ అవుతుంది. యాంప్ 1 ఆంపియరు లాగుతుంటే, 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద అల, అంటే వోల్టేజీ హెచ్చుతగ్గు, సుమారు 2 వోల్టులు. అదే కెపాసిటర్ ఎండిపోయి 1000కి పడిపోతే అల 10 వోల్టులు! హీట్‌సింక్‌కి ఆనుకుని ఉన్న కెపాసిటర్లు ముందు ఎండిపోతాయి. పైకప్పు ఉబ్బినా, కింద జిగురులా తడి కనిపించినా మార్చేయండి. కొత్తవి వేసేటప్పుడు 85 డిగ్రీలవి కాకుండా 105 డిగ్రీలవి అడగండి, తేడా కొద్ది రూపాయలే.

బ్రిడ్జిలో ఒక డయోడ్ తెగినా హమ్ వస్తుంది. అప్పుడు అల 50 హెర్ట్జ్‌కి దిగుతుంది, శబ్దం ఇంకా లోతుగా "గూ" అని ఉంటుంది. 

ఇక గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల గ్రౌండ్లు రెండు దారుల్లో కలిసి చక్రంలా తయారవడం. యాంప్‌కి ఒక్క ఫోన్ తగిలిస్తే నిశ్శబ్దం, టీవీయో ల్యాప్‌టాపో తగిలించగానే హమ్. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి, హమ్ ఆగిపోతే లూప్ ఖాయం. టీవీ అయితే సెట్‌టాప్ బాక్సుకి వచ్చే కేబుల్ విప్పి చూడండి. దీనికి చాలామంది చేసే పని, ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయడం. హమ్ పోతుంది, దాంతో పాటు మీకున్న రక్షణ కూడా పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ ఎప్పుడైనా బాడీకి తగిలిందంటే నాబు పట్టుకున్నవాడికి షాకే. ఇన్‌పుట్ లైనులో చిన్న ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, చవకే.

ఇంట్లో అసెంబుల్ చేసినవాటిలో గ్రౌండు వైర్లు ఎక్కడపడితే అక్కడ కలపడం వల్లే సగం హమ్ వస్తుంది. ఫిల్టర్ కెపాసిటర్ల మధ్య బిందువు దగ్గర ఒకే చోట అన్ని గ్రౌండ్లూ చేరాలి. స్పీకర్ మైనస్ అక్కడికి, ఇన్‌పుట్ గ్రౌండ్ అక్కడికి, బాడీ అక్కడికి. ట్రాన్స్‌ఫార్మర్‌ని వాల్యూమ్ కంట్రోల్‌కి దూరంగా, క్యాబినెట్‌లో మరో మూలన పెట్టండి. దాన్ని బిగించకముందు చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పి చూస్తే హమ్ తగ్గే దిక్కు ఒకటి తెలుస్తుంది. పవర్ వైర్ల జాయింట్లకి ఇన్సులేషన్ వేశాకే సుమా.

ఫ్యాను వేస్తే "జుయ్" అంటోంది, కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్తే ఇంకా ఘోరం.

ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లలో కొన్ని కరెంటు అలని మధ్యలో కోసి పంపిస్తాయి. ఆ కోత శబ్దమే వినిపించేది. ఫ్యానుని ఫుల్ స్పీడులో పెడితే తగ్గుతుందేమో చూడండి, తగ్గితే రెగ్యులేటరే దోషి. మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం రెగ్యులేటర్ వేస్తే గొడవ ఉండదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల సంగతీ అంతే. అక్కడ యాంప్‌లో తప్పేం లేదు, ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అదే యాంప్ శుభ్రంగా పాడుతుంది.

50 ప్లస్ 50 వాట్ల బోర్డు కొన్నాను, 12 వోల్టుల అడాప్టరు పెట్టాను. ఆ శబ్దం ఎందుకు రావడం లేదు?

ఎందుకు వస్తుంది? 3116 ఐసీ ఉన్న చిన్న క్లాస్ డి బోర్డుల మీద 50 ప్లస్ 50 అని రాయడం అబద్ధం కాదు, కానీ అది 21 వోల్టుల సప్లై, 4 ఓమ్స్ స్పీకర్లు ఉన్నప్పుడు. స్పీకర్ రెండు వైర్లనీ నడిపే ఈ రకం (బ్రిడ్జి) అవుట్‌పుట్‌కి లెక్క సులువు. సప్లై వోల్టేజీని వర్గం చేసి, స్పీకర్ ఓమ్స్‌కి రెట్టింపుతో భాగించండి. 12 వోల్టులు, 4 ఓమ్స్ అయితే 144ని 8తో భాగిస్తే 18 వాట్లు. మీ బాక్సులు 8 ఓమ్స్ అయితే 9 వాట్లే. పైగా అడాప్టరు 2 ఆంపియర్లదైతే అది ఇవ్వగలిగేది 24 వాట్లు, రెండు చానళ్లకీ కలిపి. సప్లైలో లేని వాట్లు స్పీకర్‌లోకి ఎక్కడి నుంచీ రావు. బోర్డు మీద అంకె చూసి కొనకండి, ట్రాన్స్‌ఫార్మర్ బరువు చూసి కొనండి. డబ్బాల మీద గొప్పగా రాసే పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్) అంకెలనైతే చదవకుండా వదిలేయొచ్చు.

వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపవదు, చెవికి కొద్దిగా పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. బేస్ నాబు చివరిదాకా తిప్పడం కూడా ఇలాంటిదే. 10 డెసిబెల్స్ బేస్ పెంచితే ఆ నోట్ల దగ్గర యాంప్ నుంచి పది రెట్ల పవర్ అడుగుతున్నట్టు. ఇంత చిన్న యాంప్ అది ఇవ్వలేక అల కొసలు కత్తిరించేస్తుంది. ఆ కత్తిరింపు వల్ల హై ఫ్రీక్వెన్సీ ఎక్కువై ట్వీటర్లు మాడతాయి. "చిన్న యాంపేగా, పెద్ద స్పీకర్‌ని ఏం చేస్తుంది" అని ధీమాగా ఉండకూడదు.

ఒక చానల్‌కి ఎన్ని బాక్సులు తగిలించొచ్చు?

రెండు 8 ఓమ్స్ బాక్సులు పారలల్‌గా కలిపితే 4 ఓమ్స్. యాంప్ వెనక 4 ఓమ్స్ అని రాసి ఉంటే అక్కడితో ఆపండి. వినాయక చవితి పందిట్లో ఒకే చానల్‌కి నాలుగు బాక్సులు తగిలిస్తే 2 ఓమ్స్ అవుతుంది, రాత్రి పది దాటేలోపే ఐసీ పోతుంది. నాలుగు తప్పదంటే రెండేసి సిరీస్‌లో కలిపి ఆ రెండు జతల్నీ పారలల్ చేయండి, మళ్లీ 8 ఓమ్సే వస్తుంది.

కొత్తగా వైరింగ్ చేశాక బేస్ పోయింది, గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు.

ఒక బాక్సుకి ప్లస్, మైనస్ తిరగబడ్డాయి. ఒక కోన్ ముందుకొస్తుంటే ఇంకోటి వెనక్కి పోతోంది, బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటోంది. వైర్లకి గుర్తు లేకపోతే టార్చిలైటు సెల్ చాలు. యాంప్ నుంచి వైర్లు విప్పి, 1.5 వోల్టుల సెల్‌కి ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి ఉబికితే, సెల్ ప్లస్‌కి తాకిన వైరే ప్లస్. లోపలికి పోతే తిరగబడింది. వేలు కోన్ మీద మెల్లగా ఆనిస్తే కంటికంటే బాగా తెలుస్తుంది.

వాల్యూమ్ తిప్పితే కరకర.

కాంటాక్ట్ క్లీనర్ లోపలికి కొట్టి, యాంప్ ఆఫ్‌లో ఉండగా ఇరవై ముప్ఫై సార్లు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. తగ్గకపోతే కార్బన్ ట్రాక్ అరిగిపోయింది, మార్చాలి. దుకాణంలో లాగ్ రకం అడగండి, దాని మీద ఎ అని ఉంటుంది. లీనియర్ రకం వేస్తే కొంచెం తిప్పగానే శబ్దమంతా వచ్చేసి, మిగతా తిప్పుడంతా వృథా. కొత్తది వేశాక కూడా కరకర ఉంటే, ముందున్న స్టేజి నుంచి డీసీ కారుతోంది. అక్కడి కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపి పాటని మాత్రం పంపేది) చూడండి.

ఆన్ చేయగానే ఫ్యూజు పోతోంది. ఏం చేయాలి?

ముందు చేయకూడనిది చెప్తాను: ఫ్యూజు బదులు రాగి పోగులు చుట్టడం. అప్పుడు ఫ్యూజు పోదు, ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

సిరీస్ ల్యాంపు ఇక్కడ ప్రాణం. యాంప్‌కి వెళ్లే ఫేజ్ వైరులో 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టండి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. స్పీకర్లు లేకుండా ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా మసకబారితే యాంప్‌లో షార్ట్ లేదు, ఆ మెరుపు కెపాసిటర్లు నిండేటప్పటిది. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. ఆ కరెంటునంతా బల్బు తీసుకుంటోంది కాబట్టి కొత్తగా ఏదీ కాలదు. ఇప్పుడు ఒక్కొక్క భాగం విడదీస్తూ పోండి. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైర్లు విప్పినా వెలుగుతుంటే ట్రాన్స్‌ఫార్మరే. బ్రిడ్జి దాకా పెట్టగానే వెలిగితే డయోడ్లు, లేదా కెపాసిటర్లు. అక్కడిదాకా బాగుంటే అవుట్‌పుట్ సెక్షన్.

లోపల చెయ్యి పెట్టే ముందు కెపాసిటర్లని ఖాళీ చేయండి. 100 ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్ కాళ్లకి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు పెట్టి పది సెకన్లు ఆనిస్తే చాలు. స్క్రూడ్రైవర్‌తో నిప్పురవ్వలు తెప్పించడం చూడ్డానికి హీరోయిజమే కానీ కెపాసిటర్‌కి మంచిది కాదు.

5200, 1943 అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చాను, వెంటనే మళ్లీ పోయాయి.

రెండు కారణాలు. ఒకటి, పోయింది అవి మాత్రమే కాదు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయినప్పుడు పక్కనున్న 0.22 ఓమ్స్ రెసిస్టర్లు, వెనకున్న డ్రైవర్ ట్రాన్సిస్టర్లు కూడా దెబ్బతింటాయి. అన్నీ తీసి మీటరు డయోడ్ మోడ్‌లో చూడాలి. ట్రాన్సిస్టర్ బేస్ కాలు నుంచి ఎమిటర్ కాలికి, కలెక్టర్ కాలికి 0.5, 0.6 చుట్టూ రావాలి. కలెక్టర్, ఎమిటర్ మధ్య ఎటు పెట్టినా సున్నా వస్తే అది షార్ట్. కొత్తవి వేశాక మొదటిసారి ఆన్ చేయడం సిరీస్ ల్యాంపు మీదే.

రెండోది, నకిలీలు. ఈ నంబర్లకి నకిలీలు బోలెడు. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, మరీ చవకగా దొరికిందంటే అనుమానించండి. పైన ముద్ర ఎంత బాగున్నా లోపల చిన్న సిలికాన్ ముక్క పెట్టినవి పెద్ద శబ్దానికి ఆగవు.

పాట లేకపోయినా హీట్‌సింక్ కాలిపోతోంది.

క్లాస్ ఏబీ యాంప్‌లో పాట లేనప్పుడు కూడా కొద్దిగా కరెంటు పారాలి. అది మరీ తక్కువైతే అల ప్లస్ నుంచి మైనస్‌కి దాటేచోట చిన్న మెట్టు పడి, తక్కువ వాల్యూమ్‌లో గొంతు గరగరలాడుతుంది. ఎక్కువైతే వేడి. 0.22 ఓమ్స్ రెసిస్టర్ మీద మిల్లీవోల్టులు కొలవండి. 5 మిల్లీవోల్టులు వస్తే సుమారు 23 మిల్లీఆంపియర్లు, మామూలు బోర్డుకి సరిపోతుంది. 50 చూపిస్తుంటే బయాస్ ప్రీసెట్ (ఆ కరెంటుని సెట్ చేసే చిన్న కంట్రోల్) పాడైందో, హీట్‌సింక్‌కి ఆనాల్సిన బయాస్ ట్రాన్సిస్టర్ ఊడి గాల్లో ఉందో చూడండి. అవుట్‌పుట్ దగ్గరి 10 ఓమ్స్ చిన్న రెసిస్టర్ నల్లగా మాడి ఉంటే మాత్రం వేరే సంగతి. యాంప్ చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అవుతోంది, అంటే తనంతట తానే సిగ్నల్ పుట్టిస్తోంది. వైర్లు పొడుగ్గా ఉన్నాయేమో, ఇన్‌పుట్ వైరు అవుట్‌పుట్ పక్కనే పోతోందేమో చూడండి.

ఐసీకీ హీట్‌సింక్‌కీ మధ్య ఇన్సులేషన్‌గా పెట్టే మైకా షీటు సంగతి కూడా. టీడీఏ 2030, 7294 లాంటి ఐసీల వెనక రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. డ్యూయల్ సప్లైలో మైకా లేకుండా హీట్‌సింక్‌కి బిగిస్తే, హీట్‌సింక్ బాడీకి తగిలిన క్షణం షార్ట్. ఇన్సులేటింగ్ వాషరు కూడా మర్చిపోవద్దు, స్క్రూ గుండా కూడా కలుస్తుంది.

ఫీడ్‌బ్యాక్ అంటారు, అది దేనికి?

అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌తో పోల్చి, తేడాని సరిదిద్దుకోవడానికి. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్‌కి ఈ ఆలోచన 1927 ఆగస్టులో, హడ్సన్ నది మీద పడవలో ఆఫీసుకి వెళ్తుండగా వచ్చింది. చేతిలో ఉన్న న్యూస్‌పేపర్ మీదే గీసుకున్నాడు. రిపేరు చేసేవాళ్లకి దీనితో వచ్చే చిక్కు ఒకటుంది. సర్క్యూట్ మొత్తం ఒక చక్రంలా కట్టి ఉంటుంది కాబట్టి, ఎక్కడ చిన్న ట్రాన్సిస్టర్ పోయినా అన్ని చోట్లా వోల్టేజీలు తారుమారవుతాయి. మారిన అంకె చూసి వెంటనే దోషిని తేల్చేయకుండా, ఒక్కో ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ మధ్య 0.6 ఉందా లేదా అని చూసుకుంటూ పోవడమే దారి.

పాత యాంప్‌లో ఎస్‌టీకే (పవర్ సెక్షనంతా ఒకే ముక్కలో ఉండే) ఐసీ పోయింది. దొరకడం లేదు.

చాలా నంబర్లు తయారీ ఆగిపోయి ఏళ్లయింది. ఇప్పుడు అమ్మేవాటిలో పాత బోర్డుల నుంచి ఊడదీసినవి, నకిలీలు ఎక్కువ. క్యాబినెట్, ట్రాన్స్‌ఫార్మర్, టోన్ సెక్షన్ బాగుంటే ఎస్‌టీకే తీసేసి రెండు టీడీఏ 7294 మాడ్యూళ్లు వేసుకోవడం నయం. ముందు సప్లై కొలవండి. 8 ఓమ్స్ స్పీకర్లకి ప్లస్, మైనస్ 35 వోల్టుల దాకా, 4 ఓమ్స్‌కి 27 దాకా ఈ ఐసీ హాయిగా పనిచేస్తుంది, చానల్‌కి 70 వాట్లు ఇస్తుంది. మీ పాత సప్లై ప్లస్, మైనస్ 45 ఇస్తుంటే మాత్రం ఈ ఐసీ జోలికి పోకండి, 5200, 1943 బోర్డు చూసుకోండి.